రేవు వాకిట్లో డాల్ఫిన్

పొద్దున్నే బుడుంగు తలుపు తీసేసరికి గుమ్మం నిండా చేపలు కడిగిన నీళ్ళు, పొలుసులు, మధ్యలో ఒక తలకాయ. ఒళ్ళు మండి తలుపు మళ్ళీ వేసేయబోయింది గానీ, అప్పటికే వాసన ఇల్లంతా చుట్టేసింది.

తల్లి బకెట్టూ చీపురూ తెచ్చి, ముక్కు మూసుకుని ఆ తలకాయను చీపురుతో అటూ ఇటూ తిప్పి చూసింది.

"మీ మామయ్య పని మాత్రం కాదే. వాడైతే తలకాయ వదులుతాడా!"

"పోసింది మామయ్య కాకపోవచ్చు. పొయ్యొద్దని కూడా ఎవరికీ చెప్పడుగా."

"ఎందుకు చెప్తాడు? వాళ్ళ నోటి దగ్గర కూడు లాగేసిన కుర్చీలో వెళ్ళి కూర్చుంటివి. పూలదండ వేస్తాడనుకున్నావా?" అని తల్లి నీళ్ళు గుమ్మరించింది.

బుడుంగు పొలుసులు దాటుకుని పనికి బయల్దేరింది. వీధి మొదట్లో ఇద్దరు ఆడవాళ్ళు మాటలాపి, ఆమె దాటిపోయేదాకా గోడకేసి చూస్తూ నిలబడ్డారు. అది మునకలవాళ్ళ వీధి. ఓడల అడుగున పట్టిన గుల్లలూ నాచూ గీకి బతికే కుటుంబాలు. ఆమె పుట్టింది అక్కడే. చిన్నప్పుడు రేవు మెట్ల మీంచి జారి నీళ్ళలో పడితే, మేనమామ దూకి జుట్టు పట్టుకుని పైకి లాగాడట. ఏడుపు మాన్పించడానికి, ఆమె పడ్డప్పుడు వచ్చిన చప్పుడునే పేరుగా పెట్టి పిలిచాడట. అసలు పేరు బడి రిజిస్టరులో ఉండిపోయింది. వీధికంతటికీ ఆమె బుడుంగే.

ఆ మేనమామే మునకల జట్టుకి మేస్త్రీ. తండ్రి లేని పిల్లకి ఈతా, మునకా, ఊపిరి బిగబట్టడమూ నేర్పింది ఆయనే. పెద్దయ్యాక జట్టులో చేర్చుకుని తనతోపాటు ఓడల కిందికి తీసుకెళ్ళిందీ ఆయనే. ఒకసారి జలుబుగా ఉంది, ఇవాళ దిగనంటే, "ముక్కు కారితే ఓడ ఆగుతుందా, దిగు" అన్నాడు. దిగింది. లోతులో ఎడమ చెవి పొర పగిలిపోయింది. ఆ తర్వాత ఇంక నీళ్ళలోకి దిగకూడదన్నాడు డాక్టరు. ఆ సంగతి మేనమామా ఎత్తలేదు, ఆమె కూడా ఎత్తలేదు.

తర్వాత కొన్నాళ్ళకి రేవులోంచి వెళ్ళిన ఒక సరుకు ఓడ అడుగున, అయస్కాంతాలతో అతికించిన పెట్టె ఒకటి వేరే రేవులో దొరికింది. నిండా మత్తుమందు. ఓడల కిందికి వెళ్ళేవాళ్ళెవరు? మునకలవాళ్ళు. ఇంక వేరే ఆలోచన ఎవరికీ రాలేదు. రేవు కాపలా ఆఫీసరు మేస్త్రీని నీళ్ళలోంచి అప్పుడే పైకొచ్చినవాణ్ణి వచ్చినట్టే, తడి రబ్బరు బట్టల్లోనే ఓడలరేవు గట్టు మీద ఎండలో కూర్చోబెట్టాడు. సాయంత్రం దాకా, పోయేవాళ్ళూ వచ్చేవాళ్ళూ చూస్తుండగా. ఏదీ రుజువు కాలేదు. అయినా జట్టు అనుమతి పత్రాలన్నీ రద్దయ్యాయి. రేవు ముఖద్వారం దగ్గర, నీళ్ళ అడుగున ఏం కదిలినా తెర మీద చూపించే సోనార్ పెట్టారు. ఓడలు గీకడానికి ఒక కంపెనీ యంత్రం తెచ్చింది.

సోనార్ గదిలో కూర్చునేవాళ్ళు కావాలని ప్రకటన పడితే, బుడుంగు వెళ్ళి పరీక్ష రాసింది. నీళ్ళు తెలిసిన మనిషి, చదువూ ఉంది, తెర చూడ్డానికి చెవితో పనిలేదు. ఉద్యోగం వచ్చింది. ఆ రోజు నుంచి మేనమామ ఆమెకు ఎదురుపడితే పక్క సందులోకి తిరిగిపోవడం మొదలుపెట్టాడు.

*

కాపలా గది రేవు ముఖద్వారం పక్కన ఎత్తయిన మేడ మీద ఉంది. ఒకవైపు పెద్ద కిటికీ, ఎదురుగా తెర. సముద్రంలోకి కట్టిన రెండు రాతిగోడల చివర్లలో నీళ్ళలో దించిన పరికరాలు చప్పుడు పంపుతాయి. ఆ చప్పుడు దేనికైనా తగిలి తిరిగొస్తే తెర మీద చుక్కో మరకో పడుతుంది. తెర విప్పిన విసనకర్రలా ఉంటుంది. కదిలే ప్రతి చుక్కకీ యంత్రం తనంతట తానే అది వచ్చిన దారిని గీతగా గీసి, ఇదేమిటని అడుగుతుంది. మనిషా, జంతువా, కొట్టుకొచ్చిన వస్తువా? కూర్చున్న మనిషి మీట నొక్కి చెప్పాలి. జంతువని నొక్కితే యంత్రం నోరు మూసుకుంటుంది. మనిషని నొక్కితే మేడ మీద గంట, కింద కాపలా పడవకి కబురు.

బుడుంగుకి ఆ పని బాగా పట్టుబడింది. చేపల గుంపు పొగలా విడిపోతుంది. నీళ్ళు తాగిన దుంగ కెరటంతో ఊగుతుంది. డాల్ఫిన్ తిన్నగా వచ్చి, గాలికోసం పైకి లేచి, మళ్ళీ దిగుతుంది. ఆమె చెప్పింది తప్పవడం అరుదు. కాపలా ఆఫీసరుకి అదీ నచ్చేది కాదు.

"మీ వాళ్ళు వస్తే మాత్రం ఏమని నొక్కుతావో చూడాలి," అనేవాడు వెనక నిలబడి.

"ఏది కనిపిస్తే అదే నొక్కుతానండీ."

"అందరూ అలాగే అంటారు."

అతనికి మునకలవాళ్ళంటే పీకలదాకా కోపం. మునకలవాళ్ళు కూడా ఊరుకునే రకం కాదు. గోనెసంచుల్లో సగం గాలి నింపిన డబ్బాలు కుక్కి, పోటు వచ్చే వేళ చూసి రేవు బయట వదిలేవారు. అవి నీళ్ళ అడుగున మనిషిలా దొర్లుకుంటూ లోపలికి వచ్చేవి. గంట మోగేది, పడవ పరిగెత్తేది, కాపలావాళ్ళు కొక్కేలు వేసి లాగితే సంచీలో తుప్పుపట్టిన డబ్బాలు. రాతిగోడ మీద వరసగా కూర్చున్న జట్టంతా ఈలలు వేసేది. ఒకసారి సంచీకి పాత చొక్కా తొడిగి, మెడకి ఆఫీసరు టోపీ లాంటి టోపీ కట్టి పంపారు. ఆ రోజు రేవు రేవంతా నవ్వింది.

మర్నాడు ఆఫీసరు గదిలోకి వచ్చి తలుపు వేశాడు.

"ఇకనుంచి మనిషని తేలితే ముందు నీళ్ళలో మైకు హెచ్చరిక ఒక్కసారి. పైకి రాకపోతే పడవవాళ్ళు పేలుడు డబ్బా వేస్తారు."

బుడుంగు కుర్చీ తిప్పింది. "నీళ్ళలో పేలితే దగ్గరున్న మనిషి ఊపిరితిత్తులు చితికిపోతాయండీ."

"దగ్గరికి రావద్దని చెప్పు."

"ఎవరికి చెప్పమంటారు?"

"నీకు తెలీదా ఎవరికో?" అని నవ్వాడు. ఆ నవ్వు చూస్తే ఆమెకి చెంప పగలగొట్టాలనిపించింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని తెరకేసి తిరిగింది.

*

ఆ సాయంత్రమే మేనమామ ఇంటికి వెళ్ళింది. ఆయన అరుగు మీద కూర్చుని గీకుడు బిళ్ళకి ఆకురాయితో పదును పెడుతున్నాడు. గీకడానికి ఓడలే లేవు, అయినా రోజూ పెడుతున్నాడని వీధిలో అందరికీ తెలుసు. తలెత్తలేదు.

"మామయ్యా."

"అక్క వచ్చిందా?" అన్నాడు, లోపలున్న భార్యని అడిగినట్టు. "రాలేదూ? మరైతే మనకి తెలిసినవాళ్ళెవరూ రాలేదు."

"ఒక్క మాట చెప్పి పోతాను. ఇకనుంచి నీళ్ళలో మనిషి కనిపిస్తే పేలుడు డబ్బా వేస్తారట. ఎవరూ దిగొద్దు."

ఆకురాయి ఆగింది. "ఎవరూ అనకు. నువ్వు దిగొద్దు అను. నా మొహం చూసేగా చెప్తున్నావు."

"సరే. నువ్వు దిగొద్దు."

"ఎవరు పంపారు నిన్ను? ఆ టోపీవాడేనా?"

"ఎవరూ పంపలేదు. తెలిస్తే నా ఉద్యోగం ఊడుతుంది."

"అబ్బో, ఉద్యోగం!" ఆయన లేచి నిలబడ్డాడు. మనిషి పొట్టి, గుండె మాత్రం పీపాలాంటిది. అరిస్తే వీధి చివరి దాకా వినిపిస్తుంది. అరిచాడు. "చెవి పోయిందని ఏడ్చావు. ఇప్పుడు వాళ్ళకే చెవివై కూర్చున్నావు. సిగ్గులేదూ?"

"ఆ చెవి ఎవరివల్ల పోయింది?"

అనేశాక ఆమెకే భయం వేసింది. ఎదురింటి కిటికీలో ఎవరో వంట ఆపి వింటున్నారు. మేనమామ మొహం నల్లబడింది.

"ఓహో. అదీ లోపల దాచుకున్నది," అన్నాడు మెల్లగా. మళ్ళీ గొంతు లేచింది. "అయితే విను. పట్టపగలు, నీ తెర ముందునుంచే వెళ్తా. వెళ్ళి ఆ టోపీవాడి పడవ అడుగున ఈ బిళ్ళ తగిలించి వస్తా. డబ్బాలే వేసుకుంటారో, బాంబులే వేసుకుంటారో చూస్తా!"

అత్త లోపల్నుంచి వచ్చి, బుడుంగు భుజం పట్టుకుని మెట్టు దింపింది. "పోమ్మా, పో. వచ్చి ఉన్న మంట మీద ఇంకొంచెం పోశావు, చాల్లే," అని తలుపు వేసేసింది.

ఇంటికొచ్చి తల్లితో ఏమీ చెప్పలేదు. చెప్పనక్కరలేదు, అప్పటికే వీధి చెప్పేసింది.

*

అది జరిగిన వారంలోనే రేవుకి పెద్ద ప్రయాణికుల ఓడ వచ్చింది. రేవు కట్టాక అంత పెద్దది రావడం అదే మొదలు. ఎక్కడెక్కడి పెద్దలో చూడ్డానికి వచ్చారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక వాళ్ళలో కొందరిని ఆఫీసరు కాపలా గదికి తీసుకొచ్చాడు. ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కా, మెరిసే బూట్లు. ఆ రోజు అతని గొంతులో తేనె కారుతోంది.

"మా కళ్ళు కప్పి చీమ కూడా లోపలికి రాదండీ," అంటున్నాడు.

అప్పుడే అవతలి ఒడ్డుకి తిరిగే లాంచీ రేవులోకి మలుపు తిరిగింది. లాంచీ వెనక నురగ తెర మీద తెల్లటి తోకలా పడుతుంది. ఆ తోకలో ఏదున్నా కనబడదు. ఆ సంగతి సోనార్ గదిలో అందరికీ తెలుసు. బుడుంగు ఆ తోకనే చూస్తోంది. తోక విడిపోతున్న చోట, అంచున, ఒక చుక్క బయటపడింది.

మనిషంత ఉంది. అడుగుకి దగ్గరగా, లాంచీ దారినే పట్టుకుని లోపలికి వస్తోంది. గాలి బుడగల జాడ లేదు. సిలిండరు లేకుండా అంతసేపు ఊపిరి బిగబట్టి రాగలిగే మనిషి రేవులో ఒక్కడే.

మామయ్య అన్నంతపనీ చేశాడు! పట్టపగలు, పెద్దలందరూ ఉన్న వేళ చూసుకుని మరీ వచ్చాడు. కింద కాపలా పడవలో పేలుడు డబ్బాలు సిద్ధంగా ఉన్నాయి. ఆఫీసరు ఇంత మంది ముందు ఒక్క క్షణం కూడా ఆగడు. ఆ చుక్క నడక మరీ తిన్నగా ఉందని ఆమెకి ఒక మూల అనిపించింది. లాంచీకి కట్టిన తాడేదో పట్టుకుని వస్తున్నాడులే అని తనకి తానే సర్దిచెప్పుకుంది.

యంత్రం అడిగింది. ఇదేమిటి?

"ఏమిటది?" అన్నాడు ఆఫీసరు, అతిథుల కోసం గొంతు పెంచి.

"డాల్ఫిన్ అండీ," అంది బుడుంగు. జంతువని నొక్కింది.

"అదిగో, చూశారా? డాల్ఫినో మనిషో కూడా ఇట్టే చెప్పేస్తారు మావాళ్ళు."

అతిథులు ముచ్చటపడి తెర దగ్గరికి వంగారు. ఒకావిడ, డాల్ఫిన్ పైకొస్తుందా, చూడొచ్చా అని అడిగింది. చుక్క లోపలికి జారిపోయింది. ప్రయాణికుల ఓడ నీడలో కలిసి మాయమైంది. ఆ కాపలా పడవ అడుగున బిళ్ళ తగిలించేసి వచ్చిన దారినే పోతే చాలు, ఇంక జన్మలో ఈయన మొహం చూడను అనుకుంది బుడుంగు. భయం తగ్గేకొద్దీ కోపం పెరిగింది. తన చేత అబద్ధం ఆడించాడు. ఈ కుర్చీలో కూర్చున్నాక ఆడిన మొదటి అబద్ధం.

అతిథులకి దారిస్తూ కిటికీవైపు తిరిగింది. ఎదుటి రాతిగోడ మీద జట్టంతా ఎప్పట్లాగే వరసగా కూర్చుని ఉంది. మధ్యలో, చొక్కా విప్పి తలపాగాలా చుట్టుకుని, ఎవరితోనో చెయ్యి తిప్పుతూ వాదిస్తూ, మేనమామ.

ఒంటి మీద చుక్క తడి లేదు.

కిటికీ చట్రం పట్టుకుని జట్టు మొత్తాన్నీ ఒక్కొక్కరినీ చూసింది. అందరూ ఉన్నారు. మరి తను లోపలికి వదిలింది ఎవర్ని? దేన్ని?

పక్కనే ఓడ మెట్ల మీద జనం ఎక్కుతున్నారు. పిల్లలు చేతులు ఊపుతున్నారు.

"సార్," అంది. అతిథుల మాటల్లో ఎవరికీ వినబడలేదు. మళ్ళీ గట్టిగా అంది. "సార్, అది డాల్ఫిన్ కాదు."

ఆఫీసరు నవ్వు మొహంతోనే తిరిగాడు. "ఏమిటీ?"

"నేను అబద్ధం చెప్పాను. మా మామయ్యనుకుని చెప్పాను. మా మామయ్య అదిగో, గోడ మీద ఉన్నాడు. ఓడ కిందికి ఏదో వెళ్ళింది. ఏమిటో నాకు తెలీదు. జనాన్ని దింపెయ్యండి."

*

ఆ తర్వాత ఆఫీసరు అన్న మాటలు రాయదగ్గవి కావు. అతిథులు వింటుండగానే అన్నాడు. కానీ పని మాత్రం ఆపలేదు. ఓడ ఇంజన్లు ఆపించాడు, జనాన్ని దింపించాడు, గట్టు ఖాళీ చేయించాడు. ఓడ అడుగు వెతకాలి. కంపెనీ యంత్రం విప్పి మరమ్మతులో ఉంది. కంపెనీ మునకలవాళ్ళు వేరే రేవులో ఉన్నారు, రావడానికి రాత్రవుతుంది. ఫోను పెట్టేసి అతను రాతిగోడకేసి చూశాడు.

గోడ మీదున్న జట్టుని మేడ కిందికి పిలిపించాడు. మేస్త్రీ ముందు, జట్టు వెనక. కిటికీ తెరిచే ఉంది కాబట్టి బుడుంగుకి అంతా వినిపించింది.

"ఓడ కింద చూసి రావాలి," అన్నాడు ఆఫీసరు.

"మేం దొంగలం కదండీ," అన్నాడు మేస్త్రీ. "దొంగల్ని ఓడ కిందికి పంపుతారా?"

"టైం లేదు. అందులో ఏముందో ఎవరికీ తెలీదు."

"అందుకే మేం గుర్తొచ్చాం. పోతే మేం పోతాం." ఆయన తలపాగా విప్పి భుజం మీద వేసుకున్నాడు. "దిగుతాను. కానీ ముందు మీ పెద్ద మైకులో ఒక మాట చెప్పాలి. మునకలవాళ్ళందరూ పొద్దున్నించీ గోడ మీదే ఉన్నారని, మీ కళ్ళతో మీరే చూశారని. రేవంతా వినాలి. రేపు అక్కడున్నదేదో మేమే పెట్టి మేమే తీశామంటే?"

ఆఫీసరు పళ్ళు నూరాడు. "నాకే షరతులు పెడతావా?"

"పెడతాను. అక్కర్లేదంటే పోయి గోడ మీద కూర్చుంటాం."

ఆఫీసరు మైకు అందుకున్నాడు. ఒక్కో మాటా గొంతులోంచి కొక్కేం వేసి లాగినట్టు వచ్చింది. రేవు నలుమూలలా వినిపించింది. జట్టులో ఎవరూ ఈల వెయ్యలేదు.

పైకి వచ్చి బుడుంగుతో, "కూర్చో. ఇంకొకరు లేరు కాబట్టి కూర్చో. నోరెత్తకు," అన్నాడు.

ఆమె కూర్చుంది. తెర మీద మూడు కొత్త చుక్కలు గట్టు దగ్గర దిగాయి. ముందున్నది మేనమామ. చూడగానే తెలిసింది. కాళ్ళు ఆడించినప్పుడల్లా చుక్క ఉబ్బుతుంది, మళ్ళీ సన్నబడుతుంది. కొంచెం ముందుకి వెళ్ళి ఆగుతుంది, పక్కకి జరుగుతుంది, ఆలోచించినట్టు నిలబడుతుంది, మళ్ళీ కదులుతుంది. మనిషి. ఇందాక వచ్చినదానిలో ఇదేదీ లేదు. గీత గీసినట్టు వచ్చింది. అది చూస్తూ కూడా మామయ్యే అనుకుంది. ఎందుకంటే ఆమె మామయ్య కోసమే చూస్తోంది.

చుక్క ఓడ నీడలోకి పోయింది. ఆఫీసరు చొక్కా వీపుకి అతుక్కుపోయింది. అతనూ ఆమె కుర్చీ వీపు పట్టుకుని తెరనే చూస్తున్నాడు. వాళ్ళిద్దరూ ఒకే దానికోసం చూడ్డం అదొక్కసారే.

చుక్క బయటపడింది.

మేస్త్రీ గట్టెక్కి చెప్పాడు. చుక్కాని పక్కన పెట్టె ఉంది, అయస్కాంతాలతో పట్టుకుంది, ముట్టుకోలేదు. గట్టు స్తంభాల మధ్య పాత వలలో చిక్కుకుని చేప ఆకారంలో ఒక ఇనప యంత్రం ఉంది, దాని పంకా ఇంకా తిరగడానికి చూస్తోంది. మనిషన్నవాడు ఎక్కడా లేడు. తర్వాత ప్రత్యేక దళం వచ్చి పెట్టె ఊడదీసింది. బాంబు కాదు. మత్తుమందు. మొదటి ఓడకి అతికించిన పెట్టెలాంటిదే, అదే తయారీ. ఎక్కణ్ణించో ఎవరో నడిపిస్తున్న యంత్రం, లాంచీ నురగలో దాక్కుని వచ్చి అతికించిపోతోంది.

*

విచారణ రేవు ఆఫీసు పెద్ద గదిలో జరిగింది. మేస్త్రీనీ సాక్షిగా పిలిచారు. బల్ల వెనక కూర్చున్న ముగ్గురిలో ఒకాయన అడిగాడు.

"డాల్ఫిన్ కాదని నీకు తెలుసా?"

"తెలుసండీ."

"ఏమనుకున్నావు?"

"మా మామయ్యనుకున్నాను. పేలుడు డబ్బా వేస్తారని భయపడ్డాను."

మేస్త్రీ పక్క బెంచీ మీదే ఉన్నాడు. తల తిప్పి చూశాడు. చాలా నెలల తర్వాత ఆయన ఆమెను సూటిగా చూడ్డం అదే. ఆమె తట్టుకోలేక బల్లకేసి చూసింది.

సోనార్ గీసిన గీత విచారణలో పనికొచ్చింది. ఆ ఇనప యంత్రం వచ్చిన దారి, జట్టు గోడ మీద ఉన్న వేళ, అన్నీ సరిపోయాయి. జట్టు మీద అనుమానం తీసేశారు. అనుమతి పత్రాలు తిరిగిచ్చారు. పేలుడు డబ్బాలు మాన్పించారు. బుడుంగు ఉద్యోగం తీసేశారు.

"నిజం నువ్వే చెప్పావు కాబట్టి కేసు పెట్టలేదు," అన్నాడు ఆఫీసరు ఆమె కార్డు తీసుకుంటూ. "అబద్ధం కూడా నువ్వే చెప్పావు కాబట్టి ఇంక ఈ మేడ ఎక్కొద్దు." అతని ఉద్యోగానికి ఏమీ కాలేదు.

ఆమె గేటు దాటేసరికి మేనమామ గోడకానుకుని నిలబడి ఉన్నాడు. తన కోసమే అని తెలిసింది. దగ్గరికి వెళ్ళింది. ఏమో, తల నిమురుతాడేమో అనిపించింది ఒక్క క్షణం.

"నన్ను కాపాడదామనుకున్నావు," అన్నాడు.

"అవును మామయ్యా."

"ఆ టోపీవాడు నన్ను దొంగన్నాడు. వాడు పరాయివాడు, వాడికేం తెలుసు, అనుకున్నా. నువ్వు నా చేతుల్లో పెరిగావు. నువ్వు కూడా తెర మీద దొంగ కనిపించగానే నన్నే అనుకున్నావు."

"దొంగనుకోలేదు! నువ్వే కదా అన్నావు, పట్టపగలు వెళ్తానని? బిళ్ళ తగిలిస్తానని? వీధంతా విన్నది!"

"కోపంలో అన్నాను."

"డబ్బాల సంచులు పంపింది కూడా కోపంలోనేగా? అవి పంపలేదా? నాకెలా తెలుస్తుంది, ఏది ఒట్టి కోపమో ఏది నిజమో?"

"నీకు తెలియాలి!" అని అరిచాడు. గేటు కాపలావాడు తొంగి చూశాడు. "ఓడ నిండా జనం ఎక్కుతుంటే, దాని కిందికి దూరి ఆటలాడతానా నేను? ఇన్నేళ్ళు నాతో మునిగి నా గురించి నేర్చుకున్నది ఇంతేనా?"

"నువ్వు నా గురించి ఏం నేర్చుకున్నావు మరి? చెప్పడానికి వస్తే టోపీవాడు పంపాడన్నావు. చెవి పోయినప్పటి నుంచి ఒక్కసారైనా అడిగావా, నొప్పి తగ్గిందా అని? మొహం తిప్పుకుని సందుల్లో దూరావు. నీకు సిగ్గేస్తే దానికి నేను శత్రువునయ్యానా?"

ఆయన చెయ్యెత్తాడు, కొడతాడేమో అనుకుంది. ఆ చెయ్యి గోడకి తగిలి అక్కడే ఉండిపోయింది.

"తప్పయింది మామయ్యా," అంది. "డాల్ఫిన్ అనడం తప్పే. నువ్వనుకోవడం ఇంకా పెద్ద తప్పు."

"ఒద్దు, క్షమించమని అడక్కు," అన్నాడు. "అడిగితే సరే అనాలి. నాకు అనాలని లేదు."

గోడ మీంచి చెయ్యి తీసుకుని వెళ్ళిపోయాడు. ఈసారి పక్క సందులోకి తిరగలేదు. వీధి మధ్యనుంచే నడిచి వెళ్ళాడు, వెనక్కి మాత్రం చూడలేదు.

*

ఇంట్లో తల్లి అంతా విని, "ఇద్దరూ నిజాలే చెప్పుకున్నారన్నమాట. ఇంక కలిసినట్టే మీరు," అంది. ఏ ఉద్దేశంతో అందో బుడుంగుకి అర్థం కాలేదు.

జట్టు మళ్ళీ ఓడల కిందికి దిగింది. గుమ్మం మీద చేపల నీళ్ళు పొయ్యడం ఆగింది. ఎదురుపడితే జట్టువాళ్ళు కొందరు పలకరించేవారు, కొందరు లేదు. మేనమామ అక్కని చూడ్డానికి ఇంటికొచ్చేవాడు. బుడుంగు ఉంటే కాసేపు కూర్చుని లేచిపోయేవాడు. ఆమె కూడా లేచి పక్క గదిలోకి వెళ్ళేది కాదు. ఇద్దరూ ఒకే గదిలో, ఎవరి మానాన వాళ్ళు, ముళ్ళ మీద కూర్చున్నట్టు కూర్చునేవారు. తల్లి ఒక్కతే మాట్లాడేది.

కొన్నాళ్ళకి సముద్రం అడుగు లోతులు కొలిచే ఒక పడవలో ఆమెకు పని దొరికింది. అక్కడా తెరే, నీళ్ళ కిందికి పంపే చప్పుడే. కాకపోతే కాపలా లేదు, పట్టుకోవాల్సినవాళ్ళు లేరు. చేరిన రోజున, తీరం కనుమరుగయ్యాక, పడవ సరంగు తెర మీద ఒక పొడుగాటి మరక చూపించి అడిగాడు.

"అదేమిటమ్మా? రాయా, మునిగిన పడవా?"

బుడుంగు వంగి చాలాసేపు చూసింది. ఆయన తొందరపడుతూ చుక్కాని మీద వేళ్ళు ఆడిస్తున్నాడు.

"తెలీదు," అంది. "దాని మీదుగా ఇంకొకసారి పోనివ్వండి. అప్పుడు చెప్తాను."

సరంగు విసుక్కుంటూ పడవ తిప్పాడు.